‘బాగున్నాం’ అన్న మాట సాక్ష్యం కాదు

మొదట ఒక దిద్దుబాటు. ఎస్.ఐ. మధులత గారు ఇందాక నన్ను కూర్చోబెడుతూ, "మేనేజరు గారి మీద కత్తి ఎందుకు తీశారు మామ్మగారూ?" అన్నారు. అది కత్తి కాదు. చక్కెర పరీక్ష కోసం వేలి కొస గుచ్చుకునే పెన్ను. నీలం రంగుది, నా చూపుడువేలంత పొడవు, లోపల ఒక స్ప్రింగు. దాని సూది చర్మంలోకి దిగేది బియ్యపు నూకంత లోతు. మీరు దాన్ని నా సంచీతో సహా స్వాధీనం చేసుకుని కాగితంలో "పదునైన ఆయుధం, ఒకటి" అని రాసుకున్నారు. ఆ ఆయుధంతో నా మనవరాలు నాలుగేళ్లపాటు రోజుకు ఎనిమిదిసార్లు తన మీద తానే దాడి చేసుకుంది. ఎవరూ కేసు పెట్టలేదు.

ఇక పద్ధతి ప్రకారం. తేదీ పదహారు జూలై రెండువేల ఇరవై అయిదు, బుధవారం, మధ్యాహ్నం రెండుంబావు. నా పేరు మద్దిల ఆరోగ్యమ్మ. భర్త దివంగత యోహాన్, విశాఖ ఓడరేవులో టగ్గు పడవ నడిపేవారు. వయస్సు డెబ్బై రెండు. మతం రోమన్ కథోలిక్. నివాసం కంచరపాలెం. బాలికల ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. వృత్తి అన్న చోట స్టేషను రైటరు అప్పలరాజు గారు "ప్రస్తుతం ఖాళీ" అని రాశారు. కొట్టించి, "మనవరాలి క్లోమానికి సహాయకురాలు" అని రాయించాను.

"క్లోమం అంటే ఏటండీ?" అని అప్పలరాజు గారు అడిగారు. పొట్ట వెనకాల ఉండే అవయవం, ఇన్సులిన్ తయారుచేసేది అదే. అది పనిచేస్తున్నంత కాలం దాని పేరు ఎవరికీ తెలియనక్కర్లేదు. ఆయన అదృష్టవంతుడు.

ఎస్.ఐ. గారు, "ఆరోగ్యం ఎలా ఉంది, బాగున్నారా?" అని కూడా అడిగారు. దానికి నేను జవాబు చెప్పలేదు. అది పొగరు కాదు. అదే ప్రశ్నకు ఒకసారి మర్యాదగా జవాబు చెప్పాను. చెప్పినందుకే ఈ రోజు ఈ కుర్చీలో ఉన్నాను. అదెలాగో వరసగా చెబుతాను.

నా కొడుకు సత్యం ఓడరేవులో ఓడలు ఆగే ఒక ప్రైవేటు బెర్తు మీద క్రేను నడుపుతాడు. అతని కంపెనీ ఉద్యోగులందరికీ కలిపి ఆరోగ్య బీమా చేయించింది. ఆ బీమా కంపెనీ పేరు ఫిర్యాదులో ఉంది కనుక నేను పలకను. వాళ్లకు ఊరికే ప్రచారం చేసిపెట్టే ఉద్దేశం నాకు లేదు.

సత్యం కూతురు రోజలిన్. పదకొండేళ్లు, ఆరో తరగతి. ఏడో ఏట దాని ఒంట్లో ఇన్సులిన్ ఊరడం ఆగిపోయింది. ఇది మిఠాయిలు తిని తెచ్చుకున్న జబ్బు కాదు. ఈ వాక్యం మా వీధిలో, బడిలో, చర్చిలో చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. ఒక్కసారి ప్రభుత్వ రికార్డులో ఉండనివ్వండి. మిఠాయిలు తిని తెచ్చుకున్న జబ్బు కాదు.

ఇన్సులిన్ లేకపోతే మనిషి బతకడు. ఎక్కువైతే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. ఈ రెండు గోడల మధ్య పిల్లను రోజంతా నడిపించాలి. సూదులతో నడిపించాం. నిరుడు నవంబరులో ఒక ఆదివారం చర్చిలో, పూజ మధ్యలో, రోజలిన్ సత్ప్రసాదం తీసుకుని వచ్చి మోకరించింది. అందరూ లేచారు. అది లేవలేదు. వెనక వరసలో ఒకావిడ, "ఎంత భక్తో చూడండి, ఈ కాలం పిల్లల్లో ఎక్కడుంది!" అంది. నేను వంగి భుజం మీద చెయ్యి వేశాను. గౌను వీపంతా తడిసిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడడం లేదు. చక్కెర చూసే మీటరులో అంకె ముప్పై ఎనిమిది. డెబ్బై కంటే తక్కువైతేనే ప్రమాదం. బుగ్గలో గ్లూకోజు పొడి పెట్టి రుద్దాను. ఈలోపల మిగతావాళ్లు కీర్తన నాలుగు చరణాలూ పాడి ముగించారు. ఆ రోజు నుంచి, మరీ భక్తిగా కనిపించే పిల్లలను నేను అనుమానంగా చూస్తున్నాను.

ఆ తరువాత డాక్టరు గారు పంపు పెట్టాలన్నారు. అదేమిటో మేనేజరు గారికి ఈ రోజు రెండుసార్లు చెప్పాను, మీకు ఒక్కసారి చెబితే చాలు. చేతి మీద రూపాయి బిళ్లంత సెన్సరు అంటించి ఉంటుంది. అది అయిదు నిమిషాలకోసారి ఒంట్లో చక్కెర ఎంతుందో చూసి నడుముకున్న పంపుకు చెబుతుంది. పంపు తనే లెక్క చూసుకుని ఇన్సులిన్ వదులుతుంది. చక్కెర దిగిపోతుంటే తనే ఆపేస్తుంది. మనిషి నిద్రపోయినా అది నిద్రపోదు. నడుము పట్టుకుని వదలదు కనుక మా పిల్ల దానికి పీత అని పేరు పెట్టింది.

జూన్ మొదటి వారంలో ఆసుపత్రి వారు ఒక పంపును అరువు మీద ఇప్పించారు. బీమా మంజూరైతే సొంతానికి కొత్తది వస్తుంది. కాకపోతే అరువుది తిరిగి ఇచ్చెయ్యాలి. గడువు ఈ శుక్రవారం సాయంత్రం. అంటే ఎల్లుండి. ఈ వాంగ్మూలంలో మీరు ఏది మరిచిపోయినా ఇది మరిచిపోకండి. ఎల్లుండి సాయంత్రం పిల్ల నడుము మీది నుంచి పీతను తీసేస్తారు.

మొదట ఆసుపత్రి బిల్లింగు కౌంటరుతో తగువు పడ్డాను. వాళ్లు బీమాకు పంపిన అంచనాలో పంపును "ఇతరములు" అన్న శీర్షిక కింద దూదికీ, చేతి తొడుగులకూ మధ్య రాశారు. బీమా వారు "ఇతరములు" మొత్తాన్ని చూడకుండానే కొట్టేశారు. నేను కౌంటరుకు వెళ్లాను. "సాఫ్ట్‌వేరులో ఆ పేరు లేదు మేడమ్, అందుకే అందులో వేశాం" అని అక్కడి అమ్మాయి అంది. "లేకపోతే చేర్చు తల్లీ. మా పిల్లకు జబ్బు మీ సాఫ్ట్‌వేరును అడిగి రాలేదు" అన్నాను. నా వెనక క్యూ పెరిగింది. క్యూలో వాళ్లు నన్ను తిట్టలేదు, "అడగండమ్మా, అడగండి" అన్నారు. చివరికి చికిత్స అన్న శీర్షిక కిందకు మార్చింది. మార్చడానికి పట్టిన సమయం ఒక టీ చల్లారేంత. అంతకు ముందు మార్చడం కుదరదనడానికి మూడు వారాలు పట్టింది.

దూది కాదని తేలాక, బీమా వారు విచారణకు మనిషిని పంపారు. ఇక్కడి నుంచి జాగ్రత్తగా రాయండి అప్పలరాజు గారూ.

జూన్ ఇరవై ఎనిమిది, శనివారం, ఉదయం పదకొండు గంటలు. గవర్రాజు అనే ఆయన మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు లేదు. విచారణ అన్న మాటే ఎత్తలేదు. "ఇటు పనిమీద వచ్చానమ్మా, పాపను ఒకసారి చూసి పోదామని" అన్నాడు. చెప్పులు బయట విప్పాడు. చెప్పులు విప్పి వచ్చిన మనిషిని నేను అతిథి అనుకున్నాను.

"అంతా బాగున్నారా అమ్మగారూ? పాప బాగుందా?" అన్నాడు.

"దేవుడి దయవల్ల బాగున్నాం బాబూ. కాఫీ తాగుతారా?" అన్నాను.

కాఫీ తాగాడు. చక్కెర రెండు చెంచాలు. అప్పుడే గంగాలమ్మ చేపల తట్టతో గుమ్మంలోకి వచ్చింది. గంగాలమ్మ మాకు పక్కవాటా. తెల్లారేసరికి ఫిషింగ్ హార్బరుకు వెళ్లి చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్ముతుంది. రోజలిన్ చక్కెర పడిపోయిన రెండుసార్లు దాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చిన మనిషి. ఆమెకు తెలియని సంగతి లేదు.

"ఏటి బాబూ, ఎవలు కావాల?" అంది.

"ఏం లేదమ్మా, పాప ఎలా ఉందోనని."

"మా రోజీకేటి? బంగారం! లేడిపిల్లలాగ గెంతుతాది. నిన్న సాయంత్రం నా తట్ట తన్నీసి పరుగెట్టీసింది. సూడు, అంచు ఇరిగిపోనాది."

ఆయన తట్ట అంచు కూడా చూశాడు. నవ్వాడు. కాఫీ బాగుందన్నాడు. వెళ్లిపోయాడు.

అతను సందు మలుపు తిరిగాక గంగాలమ్మను అడిగాను, "అలా చెప్పావేమిటే?" అని.

"మరేటి సెప్పమంటావు టీచరమ్మా? ఆడపిల్ల. జబ్బనీ గిబ్బనీ దారినపోయినోడికి నాను సెప్తానేటి? రేపు సమ్మందాలొస్తే?"

"అది ఆరో క్లాసు గంగాలూ."

"ఆరైనా పదారైనా, మాట పడ్డాక కడగలేం. అయినా నువ్వేటి సెప్పావు? బాగున్నాం అన్లేదా? నాను ఇన్నాను."

అన్నాను. ఈ దేశంలో గుమ్మంలోకి వచ్చిన మనిషి బాగున్నారా అంటే బాగున్నాం అంటాం. అది జవాబు కాదు, కుర్చీ వేయడం లాంటిది. మా ఆయన శవం ఇంట్లో ఉండగా ఫాదరు గారు వచ్చి, "ఎలా ఉన్నావమ్మా?" అన్నారు. "దేవుడి దయవల్ల బాగున్నాను ఫాదర్" అన్నాను. బీమా వారి లెక్కన ఆ రోజు మా ఇంట్లో ఎవరూ చనిపోలేదు.

జూలై పదకొండున ఉత్తరం వచ్చింది. పంపు మంజూరు చేయడం లేదని మూడు కారణాలు రాశారు.

ఒకటి, అది చికిత్స కాదు, రోగి సౌకర్యార్థం వాడే పరికరం. క్లోమం సౌకర్యార్థమే అయితే దేవుడు దాన్ని అందరికీ ఎందుకు పెట్టాడో, బీమా కంపెనీ మేనేజర్లకు కూడా ఎందుకు పెట్టాడో నాకు తెలియదు.

రెండు, ఆసుపత్రి బయట వాడే పరికరాలకు పాలసీ వర్తించదు. దీని మీద లాయర్లు పోట్లాడుకోవచ్చు. పిల్ల ఆసుపత్రి బయట బతకాలనుకోవడమే తప్పన్నమాట.

మూడు. మూడోది ఉన్నదున్నట్టు చెబుతాను, నాకు కంఠతా వచ్చేసింది. "క్షేత్ర విచారణలో రోగి నాయనమ్మ, తాము దైవకృపచే బాగున్నామని స్వయంగా తెలియజేసినారు. రోగి చురుకుగా గెంతులు వేయుచున్నట్లు ఇరుగుపొరుగు వారు ధ్రువీకరించినారు. కావున పరికరము యొక్క వైద్యపరమైన ఆవశ్యకత నిరూపణ కాలేదు."

మొదటి రెండు కారణాలూ వాళ్లు తమ బుర్రలోంచి తీసుకున్నారు. మూడోది నా నోట్లోంచి తీశారు. నా కాఫీ తాగి తీశారు. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పాను, నా మాట ఒకరికి దెబ్బ తగిలేలా వాడుకున్న వాళ్లు లేరు. నా మనవరాలి పంపు నా మాటతో ఆపారు. నా మాటతో. రాశారా? మళ్లీ రాయండి. నా మాటతో.

ఇక ఈ రోజు సంగతి. సత్యం డ్యూటీలో ఉన్నాడు, కోడలు కుట్టు యూనిట్‌లో ఉంది. ఎవరికీ చెప్పకుండా నేను బస్సెక్కి ద్వారకా నగర్‌లో దిగాను. బీమా ఆఫీసు మూడో అంతస్తు. పన్నెండు దాటాక నన్ను మేనేజరు శ్రీరామ్మూర్తి గారి గదిలోకి పంపారు. అద్దాల గది. తలుపు కార్డు చూపిస్తే తప్ప తెరుచుకోదు. లోపలి వాళ్లు బయటకు రావాలన్నా కార్డే. అది ఆయన మెడలో వేలాడుతోంది. ఆ తలుపు నేను పెట్టించింది కాదు. గదికి తాళం వేశానని మీకు అందిన ఫిర్యాదు అంతవరకు అబద్ధం.

ఆయన మర్యాదస్థుడే. కూర్చోమన్నారు. ఉత్తరం చూశారు.

"అమ్మగారూ, పంపు లేకపోయినా సూదులతో బతకొచ్చు కదండీ. లక్షలమంది బతుకుతున్నారు."

"బతకొచ్చు. మీ ఆఫీసుకు మెట్లు కూడా ఉన్నాయి. మీరు లిఫ్టులో ఎందుకొచ్చారు?"

"అది వేరండీ."

"వేరే. మెట్ల మీద మీకు స్పృహ తప్పదు."

ఆయన నవ్వబోయి మానుకున్నారు. "రూల్సు నా చేతిలో లేవమ్మా. హెడ్డాఫీసు. అయినా బాగున్నామని మీరే చెప్పారు కదా."

నేను లేచి నిలబడ్డాను. తలుపు దగ్గరకు వెళ్లి దానికి వీపు ఆనించి, "మూడో కారణం తప్పని రాసి ఇచ్చేవరకు మీరు బయటకు వెళ్లరు" అన్నాను. ఫిర్యాదులో ఈ ఒక్క వాక్యం సరిగ్గా రాశారు. ఒప్పుకుంటున్నాను. నాకు రెండు మోకాళ్లూ అరిగాయి. నాకంటే ఆ తలుపు కర్టెనే గట్టిగా అడ్డుపడగలదు. అయినా అడ్డుపడ్డాను.

ఆయన, "నాక్కూడా షుగరేనమ్మా, టైముకు తినాలి, లంచికి వెళ్లాలి" అన్నారు. నేను నమ్మలేదు. షుగరు పేరు చెప్పి తప్పించుకుంటున్నాడనుకున్నాను. అప్పుడు ఆయన చేతిలో పెన్ను చూశాను. మూత పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించి పెట్టలేకపోయారు. ఏసీ నా మోకాళ్లు కొరుకుతోంది, ఆయన పై పెదవి మీద చెమట పట్టింది. ఉత్తరంలో ఒకే పంక్తి మళ్లీ మళ్లీ చదువుతున్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ చూపు నేను చర్చిలో చూశాను.

"శ్రీరామ్మూర్తి గారూ, ఒంట్లో బాగుందా?" అన్నాను.

"బాగానే ఉన్నానండీ. దేవుడి దయ" అన్నారు.

ఈ మాట నేను కల్పించలేదు. అక్షరం మార్చలేదు.

దాంతో నా కోపం పోయిందనుకోకండి. కోపం ఎక్కడున్నది అక్కడే ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేశాయి. సంచీలోంచి మీటరు తీశాను. వేలు గుచ్చే పెన్నులో కొత్త సూది వేశాను, స్పిరిట్ దూదితో వేలు తుడిచాను. "వేలు ఇవ్వండి" అన్నాను. ఇచ్చారు. బలవంతం లేదు. వచ్చిన రక్తం కుంకుమ బొట్టు కంటే చిన్నది. ఫిర్యాదులో "రక్తం కళ్లజూసినది" అన్నారే, ఆ రక్తం అదే.

అంకె యాభై రెండు.

పొద్దున మాత్ర వేసుకున్నారట. హెడ్డాఫీసు వాళ్లతో వీడియో మీటింగు ఉందని టిఫిను మానేశారట. షుగరు మాత్ర వేసుకుని టిఫిను మానేసే మనిషి, నా మనవరాలికి ఏది అవసరమో ఏది కాదో నిర్ణయిస్తాడు. గ్లూకోజు పొడి ఆయన నీళ్ల సీసాలోనే కలిపి తాగించాను. తల కుర్చీకి ఆనించి పడుకోబెట్టాను.

అప్పటికి అద్దాల బయట ఆఫీసంతా పోగైంది. వాళ్లకు కనబడింది ఏమిటంటే, ఒక ముసలామె, చేతిలో సూది, వెనక్కి వాలిపోయిన మేనేజరు. తలుపు బాదారు. వాళ్ల కార్డులతో ఆ తలుపు తెరుచుకోదు. చక్కెర పడిపోయిన మనిషికి తీపి ఇచ్చాక పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష చేయాలన్నది నియమం. అందుకని చేతివేళ్లు మూడుసార్లు చూపించి, "పదిహేను నిమిషాలు!" అని అరిచాను. నేను గడువు పెట్టానని వాళ్లు అనుకున్నారు. ఒకామె ఏడ్చింది. ఇంకొకరు మీకు ఫోను చేశారు.

ఆ పదిహేను నిమిషాల్లో ఆయనకు రెండు బిస్కెట్లు ఇచ్చి ఒక మాట చెప్పాను. "ఇప్పుడు నేను మీ గవర్రాజులా లేచి వెళ్లిపోయి ఇలా రాయొచ్చు. మేనేజరు గారు దైవకృపచే బాగున్నామని స్వయంగా తెలియజేసినారు. కావున బిస్కెట్ల ఆవశ్యకత నిరూపణ కాలేదు. సౌకర్యార్థము."

ఆయన తల దించుకున్నారు. రెండో బిస్కెట్టు పూర్తిచేసి, "ఎవరడిగినా అదే అంటామమ్మా. అలవాటు" అన్నారు.

"నేనూ అదే చెబుతున్నాను" అన్నాను.

రెండోసారి అంకె తొంభై ఆరు. ఆయనే లేచి, కార్డు చూపించి, తలుపు తెరిచారు. తలుపు అవతల మీరున్నారు. అప్పుడు ఆయన నా వైపు చూడలేదు. ఫిర్యాదు మీద సంతకం పెట్టమని హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. పెట్టారు.

ఎస్.ఐ. గారు నడుమ ఒకసారి బయటకు వెళ్లి వచ్చి, "మేనేజరు గారు వరండాలోనే ఉన్నారు మామ్మగారూ. మీరు ఒక్క సారీ చెబితే కంప్లయింటు వెనక్కి తీసుకుంటారట. పెద్దవారు, ఎందుకొచ్చిన గొడవ, మర్యాదకు ఒక మాట అనెయ్యండి" అన్నారు.

అనను. తలుపుకు అడ్డం నిలబడ్డందుకు చట్టంలో ఏ శిక్ష ఉంటే అది వేయండి. మర్యాదకు మాట మాత్రం అనను. మర్యాదకు నేను అన్న మాటను ఆ కంపెనీ ఏం చేసిందో ఇప్పుడే రాసుకున్నారు. ఈ రోజు సారీ అంటే రేపు ఇంకో ఉత్తరం వస్తుంది, "రోగి నాయనమ్మ తన తప్పును స్వయంగా అంగీకరించినారు" అని.

సారీకి బదులు ఇంకొకటి ఇస్తాను. ఇంట్లో, చేతిలో కాఫీ గ్లాసుతో, బాగున్నాం అన్నది సాక్ష్యమైతే, పోలీసు స్టేషనులో, రైటరు రాస్తుండగా అన్నది అంతకంటే పెద్ద సాక్ష్యం. కనుక రాయండి. నేను డెబ్బై రెండేళ్లలో ఎన్నడూ ఎవరి ముందూ అనని మాట అంటున్నాను.

మేము బాగాలేము.

నా మనవరాలు బాగాలేదు. దాని క్లోమం పనిచేయడం లేదు, ఇక చేయదు. అది లేడిపిల్లలా గెంతుతున్నది పంపు ఉంది కనుక. పంపు లేనప్పుడు గెంతలేదు, చర్చిలో మోకాళ్ల మీద ఉండిపోయింది. నా కొడుకు బాగాలేడు, క్రేను మీద నుంచి గంటకోసారి ఫోను చేసి అంకె అడుగుతాడు. కోడలు బాగాలేదు. నేను బాగాలేను. గంగాలమ్మ తట్ట అంచు విరిగిన మాట నిజమే, అది ఒక్కటే ఆ విచారణలో నిజం. దేవుడి దయ ఉన్నది. ఉన్నా కూడా మేము బాగాలేము. దయకూ పంపుకూ పోటీ పెట్టింది మేము కాదు.

ఈ వాంగ్మూలం నకలు నాకు ఈ రోజే కావాలి. రేపు అప్పీలుకు జతచేస్తాను. మేనేజరు గారు బాగానే ఉన్నానన్న మాట, ఆ క్షణాన మీటరు చూపించిన యాభై రెండు, రెండూ ఇందులో పక్కపక్కన ఉన్నాయి. కాదని ఆయన అనదలిస్తే వరండాలోంచి వచ్చి, నా ఎదురుగా నిలబడి అనమనండి.

ఇది రాస్తుండగానే తలుపు దగ్గర దగ్గు వినబడింది. శ్రీరామ్మూర్తి గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలియదు. ఎస్.ఐ. గారు, "ఏమైనా చెబుతారా సార్?" అన్నారు. ఆయన, "యాభై రెండేనండీ. నేనూ చూశాను" అన్నారు. లోపలికి వచ్చి, "నా మాట కూడా రాసుకోండి. ఎక్కడ సంతకం పెట్టాలి?" అన్నారు. ఆయన చెప్పేది వేరే కాగితం మీద రాసుకోండి. నా కాగితంలో నా సంతకమే ఉండాలి. అప్పీలులో మాత్రం రెండూ కలిపి కుడతాను. ఆయన హెడ్డాఫీసు ఏమంటుందో ఎల్లుండి తెలుస్తుంది. అంతవరకు నేను ఎవరికీ కృతజ్ఞతలు చెప్పను.

నేను చెప్పినది చెప్పినట్టే అప్పలరాజు గారు రాశారు. చదివి వినిపించారు, నేనూ కళ్లజోడు పెట్టుకుని చదువుకున్నాను. ఇందులో మర్యాద కోసం అన్న మాట ఒక్కటి కూడా లేదు, అన్నీ నిజాలే. పోలీసు వాంగ్మూలం మీద సంతకం చట్టప్రకారం అక్కర్లేదని ఎస్.ఐ. గారన్నారు. నా సంతకం లేకుండా ఏ పిల్ల మార్కుల కార్డూ ఇంటికి వెళ్లలేదు. ఇదీ వెళ్లదు.

(సంతకం) మద్దిల ఆరోగ్యమ్మ

సంతకం కింద ఒక పని. స్వాధీనం చేసుకున్న నా సంచీలో పచ్చ జిప్పు ఉన్న గుడ్డ పర్సు ఉంది. అందులో మీటరు, పరీక్ష పట్టీల డబ్బా, మీరు ఆయుధం అంటున్న పెన్ను ఉన్నాయి. మీటరులో మేనేజరు గారి అంకెలు రెండూ ఉంటాయి, కావాలంటే ఫోటో తీసుకోండి, చెరపకండి. రోజలిన్ చేతి మీది సెన్సరు గడువు ఈ సాయంత్రం నాలుగున్నరకు తీరుతుంది. కొత్తది అంటించాక రెండు గంటలు అది ఏమీ చెప్పదు, పంపుకు కళ్లుండవు. ఆ రెండు గంటలూ వేలు గుచ్చి చూసుకోవాలి. మాకున్న మీటరు ఇదొక్కటే, నన్ను మీరు ఎప్పుడు వదులుతారో తెలియదు. అప్పలరాజు గారి డ్యూటీ నాలుగింటికి దిగుతుందన్నారు, ఇల్లు మర్రిపాలెం అన్నారు, మా కంచరపాలెం దారిలోదే. ఆ పర్సు ఇచ్చి వెళ్లండి. పట్టీల డబ్బా మూత చప్పుడయ్యేదాకా నొక్కండి, మన ఊరి తేమకు పాడైపోతాయి. గుమ్మంలో గంగాలమ్మ ఉంటుంది. పిల్లకేటి, బంగారం అంటుంది, నమ్మకండి. లోపలికి వెళ్లి పిల్లను బాగున్నావా అని అడగకండి. ఎంతుంది అని అడగండి. అంకె చెబుతుంది. అది ఇక్కడికి, నాకు ఫోను చేసి చెప్పండి.